బోర్డు మార్చే ముందు లివరును చూడండి

ప్రశ్న: చేపల చెరువులు తవ్వే పనికి 20 టన్నుల సెకండ్ హ్యాండ్ ప్రొక్లెయిన్ కొన్నాను. ఇంజినుది పాత రకం మెకానికల్ పంపే గానీ, క్యాబిన్‌లో డయల్ తిప్పితే ఒక చిన్న మోటారు పంపు మీది గవర్నర్ లివరును (ఇంజిను వేగాన్ని మార్చేది) లాగుతుంది. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు అంతా బాగుంటుంది. రెండు గంటలు పని చేశాక రైజింగ్ (ఇంజిను వేగం) దానంతటదే పడిపోతుంది, డయల్ తిప్పినా పలకదు. పావుగంట ఆపి ఉంచితే మళ్లీ మామూలే. అప్పుడప్పుడు తాళం తిప్పినా ఇంజిను ఆగదు. అదే లివరును చేత్తో లాగి ఆపుతున్నాం. బోర్డు, అంటే ఆ మోటారును నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోలరు, పోయిందని మెకానిక్ అంటున్నాడు. పాత బోర్డుకే లక్షకు పైగా చెబుతున్నారు, పనిచేయకపోతే వాపసు తీసుకోరట. మార్చమంటారా? ఇంకో సంగతి: దీన్ని అమ్మేసి కామన్ రైల్ ఇంజిను ఉన్న బండి, అదీ సెకండ్ హ్యాండే, తీసుకోవాలని ఉంది. కొనేముందు కరెంటు విషయంలో ఏం చూసుకోవాలి?
— ఆకివీడు ప్రాంత పాఠకుడు

సమాధానం: ఇప్పుడే మార్చకండి. మీ మెకానిక్ మాట తప్పని నేను అనడం లేదు. బోర్డులు పోతాయి, పాత బండ్లలో ఇంకా ఎక్కువగా పోతాయి. కానీ మీ ఉత్తరంలో అందుకు ఆధారంగా ఒక్క మీటరు రీడింగు కూడా లేదు. కంట్రోలరుకు అందే వోల్టేజి ఎంతో, మోటారు కాయిల్స్ ఎన్ని ఓమ్‌లు చూపుతున్నాయో, రైజింగ్ పడిపోయిన ఆ క్షణంలో లివరు ఎక్కడుందో ఎవరూ చూసినట్టు లేదు. వాపసు లేని వస్తువు మీద లక్ష రూపాయలు పెట్టే ముందు ఈ మూడూ తెలిసి తీరాలి. అందుకు కావలసినవి ఒక మల్టీమీటరు, లారీ ఇండికేటరులో వేసే 24 వోల్టుల 21 వాట్ల బల్బు, సగం రోజు ఓపిక. ఇంజిను చప్పుడు విని రోగం చెప్పగల మెకానిక్‌లు మన దగ్గర ఎందరో ఉన్నారు, వాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. కరెంటు దగ్గర మాత్రం చెవి పనిచేయదు, కొలిచి చూడాల్సిందే.

మీ బండిలో ఇంజిను మెకానికల్ అయినా దాని వేగాన్ని నడిపేది కరెంటు. కొమాత్సు పీసీ 200-6లో గవర్నర్ మోటారు అనీ, హిటాచీ ఈఎక్స్ 200-5లో ఈసీ మోటారు అనీ పిలిచేది ఈ పని చేసే మోటారునే. డయల్ లోపల ఒక పొటెన్షియోమీటరు, అంటే తిప్పే కొద్దీ నిరోధం మారే భాగం, ఉంటుంది. దానికి కంట్రోలరు 5 వోల్టులు ఇస్తుంది, డయల్ తిప్పే కొద్దీ మధ్య వైరులో వచ్చే వోల్టేజి మారుతుంది. ఆ మార్పును బట్టి కంట్రోలరు మోటారును తిప్పుతుంది, మోటారు రాడ్డుతో లివరును లాగుతుంది, అది నిజంగా ఎంత తిరిగిందో మోటారు దగ్గరే ఉన్న రెండో పొటెన్షియోమీటరు మళ్లీ కంట్రోలరుకు చెబుతుంది. తాళం ఆపినప్పుడు జరిగే పనిని మాత్రం చాలామంది గమనించరు. పీసీ 200-6 వంటి బండ్లలో తాళం ఆఫ్ చేసిన వెంటనే కరెంటు పోదు. కంట్రోలరు బ్యాటరీ రిలేను మరికొద్ది క్షణాలు పట్టి ఉంచి, ఆ కరెంటుతో లివరును డీజిల్ ఆగిపోయే స్థానానికి లాగి, ఆ తర్వాతే రిలేను వదిలేస్తుంది. అంటే ఇంజినును ఆపడానికి కూడా కరెంటు కావాలి.

ఇప్పుడు మీరు రాసిన రెండు లక్షణాలను పక్కపక్కన పెట్టి చూడండి. తాళం ఆఫ్ చేశాక కంట్రోలరు డయల్ ఏ అంకె మీద ఉందో చూడదు, లివరును నేరుగా ఆపే స్థానానికి పంపుతుంది. కాబట్టి డయల్ చెడిపోతే రైజింగ్ పలకకపోవచ్చు గానీ ఇంజిను ఆగకుండా ఉండదు. మీ బండిలో రెండూ జరుగుతున్నాయి. రెండూ ఒకే కారణం వల్ల జరుగుతుంటే ఆ కారణం రెండు పనులకూ ఉమ్మడిగా ఉన్న చోటే ఉండాలి: కంట్రోలరుకు వచ్చే కరెంటు, దాని ఎర్త్, కంట్రోలరు నుంచి మోటారుకు వెళ్లే వైర్లు, మోటారు కాయిల్స్, లివరు దగ్గరి పొటెన్షియోమీటరు, లేదా కంట్రోలరే. ఈ ఆరింటిలో బోర్డు ఒకటి మాత్రమే, అందులోనూ అన్నిటికంటే ఖరీదైనది. మోటారుకు కరెంటు తెగినప్పుడు లివరును పట్టి ఉంచే బలం పోతుంది. అది స్లో వైపు జారవచ్చు, ఎక్కడుందో అక్కడే ఉండిపోవచ్చు. మీరు చెప్పిన రెండు సంగతులూ దీనికి సరిపోతున్నాయి. వేడెక్కాక వచ్చి, చల్లారాక పోతోంది కాబట్టి తెగీ తెగని అతుకునో, వేడికి విడిపోయే కాయిల్‌నో ముందు అనుమానించాలి.

అయితే కరెంటు జోలికి వెళ్లే ముందు ఇది అసలు కరెంటు సమస్యేనా అన్నది తేల్చాలి. రెండు గంటల తర్వాత రైజింగ్ పడిపోవడానికి డీజిల్ వైపు కారణాలూ బోలెడున్నాయి. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి నెమ్మదిగా పైపు నోటికి చేరడం, ఫిల్టరు మూసుకుపోవడం, ఫీడ్ పంపు ముందు ఎక్కడో గాలి లాగడం, ఇవన్నీ అలాగే కనిపిస్తాయి. కాసేపు ఆపితే అలాగే సర్దుకుంటాయి కూడా. వీటిని విడదీసి చెప్పేది లివరు. ఇంజిను ఆగి ఉన్నప్పుడు తాళం ఆన్ చేసి, డయల్‌ను పూర్తిగా తిప్పి, లివరు ఆగిన చోట దాని మీద నుంచి పంపు బాడీ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. డయల్ తగ్గించి, స్లోలో ఆగిన చోట ఇంకో గీత గీయండి. తర్వాత బండిని మామూలుగా పనిలో పెట్టండి. రైజింగ్ పడిపోగానే ఆపరేటరు డయల్‌ను ముట్టుకోకుండా బకెట్ నేల మీద దించి, సేఫ్టీ లివరు లాక్ చేయాలి. మీరు బానెట్ తెరిచి గీతను చూడాలి. రైజింగ్ పడిపోయినా లివరు ఫుల్ గీత మీదే ఉంటే కరెంటు తన పని తాను చేసింది, మీరు డీజిల్ లైనూ ఎయిర్ ఫిల్టరూ చూసుకోవాలి. లివరే వెనక్కి వచ్చి ఉంటే, లేదా డయల్ తిప్పుతున్నా కదలకుండా ఉంటే, అప్పుడు మాత్రమే ఇక్కడి నుంచి ముందుకు చదవండి. ఈ పరీక్షకు పెయింటు తప్ప ఖర్చు లేదు, అయినా దీన్ని చేయకుండానే బోర్డులు మార్చేస్తున్నారు.

లివరు వెనక్కి వచ్చినంత మాత్రాన అది తప్పు కాకపోవచ్చు. ఆటో డీసెల్ ఆన్‌లో ఉంటే, హ్యాండిళ్లు న్యూట్రల్‌లో ఉన్న కొద్ది సెకన్లకు కంట్రోలరే ఇంజినును సుమారు 1400 ఆర్‌పీఎంకు దించుతుంది. హ్యాండిలు కదిలిందని కంట్రోలరుకు చెప్పే ప్రెషర్ స్విచ్చి పనిచేయకపోతే, పని మధ్యలోనే దించేస్తుంది. నీటి వేడి హద్దు దాటితే వేగం తగ్గించే ఏర్పాటూ కొన్ని బండ్లలో ఉంటుంది. కాబట్టి పరీక్ష చేసే రోజు ఆటో డీసెల్ ఆఫ్ చేసి, వేడి ముల్లును చూస్తూ ఉండండి. మానిటరు మీద ఏదైనా కోడ్ వస్తే, అది పోకముందే ఫోనుతో ఫొటో తీయించండి.

ఒక హెచ్చరిక. తాళంతో ఆగని ఇంజినును ఆపడానికి బ్యాటరీ తీగ పీకడం, మాస్టర్ స్విచ్ ఆఫ్ చేయడం ఎంతమాత్రం చేయవద్దు. మెకానికల్ ఇంజిను దానివల్ల ఆగదు. పైగా తిరుగుతున్న ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీ విడిపోగానే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి, బాగున్న కంట్రోలరును కూడా కాల్చేస్తుంది. మీరు లివరును లాగి ఆపుతున్న పద్ధతే సరైనది, ఫ్యాను బెల్టుకు చేతులు దూరంగా ఉంచితే చాలు.

ఇక కొలతలు. మొదట బ్యాటరీలు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి రాత్రంతా ఆగి ఉన్నాక దాదాపు 25 వోల్టులు, ఇంజిను నడుస్తున్నప్పుడు 28 వోల్టులకు అటూఇటూ ఉండాలి. రెంటినీ విడివిడిగా కూడా కొలవండి. పాటల పెట్టెకో, చిన్న ఫ్యానుకో, ఫోను చార్జరుకో రెండు బ్యాటరీల మధ్య నుంచి 12 వోల్టులు లాగడం మన దగ్గర ప్రతి రెండో బండిలో కనిపిస్తుంది. దానివల్ల ఒక బ్యాటరీ ఎప్పుడూ తరిగిపోతూ, రెండోది అవసరానికి మించి చార్జింగ్ అవుతూ ఉంటుంది. మొత్తం కలిపి చూస్తే 25 వోల్టులే కనిపిస్తాయి, విడిగా చూస్తే తేడా బయటపడుతుంది. అలాంటి తీగ ఉంటే తీసేసి, 24 నుంచి 12కు మార్చే కన్వర్టరు పెట్టుకోండి.

తర్వాత అసలైన చోటు, కంట్రోలరు కనెక్టరు. ఇక్కడ మల్టీమీటరు ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. ఇరవై పోగుల రాగి వైరులో పంతొమ్మిది తెగి, ఒక్కటే మిగిలి ఉన్నా మీటరు నిండుగా 24.8 వోల్టులు చూపిస్తుంది. ఎందుకంటే సాధారణ డిజిటల్ మీటరు లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌ల వరకు ఉంటుంది, అది లాగే కరెంటు రెండు మూడు మైక్రో ఆంపియర్లకు మించదు. చివర వాల్వు మూసి ఉన్న నీళ్ల పైపులో మధ్యలో ఎంత పూడిక ఉన్నా ఒత్తిడి సరిగ్గానే కనిపించినట్టే ఇదీ; వాల్వు తెరిచినప్పుడే లోపం తెలుస్తుంది. కరెంటు విషయంలో ఆ వాల్వు తెరిచేది టెస్టు బల్బు. తాళం ఆఫ్ చేసి కంట్రోలరు కనెక్టరు ఊడదీయండి. సర్క్యూట్ డయాగ్రం చూసి, పవర్ పిన్నులు ఏవో, ఎర్త్ పిన్నులు ఏవో గుర్తించండి. తాళం ఆన్ చేసి 21 వాట్ల బల్బును పవర్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య పెట్టండి. అది దాదాపు 0.9 ఆంపియరు లాగుతుంది. బల్బు వెలుగుతుండగా దాని రెండు కొసల మధ్య వోల్టేజి చూసి, అదే సమయంలో బ్యాటరీ దగ్గరి వోల్టేజితో పోల్చండి. తేడా అర వోల్టు లోపల ఉంటే ఆ దారి బాగున్నట్టే. బల్బు కాస్త మందంగా వెలుగుతూ, తేడా 3 వోల్టులు వచ్చిందంటే దారిలో ఎక్కడో మూడు ఓమ్‌ల పైచిలుకు నిరోధం దాగి ఉంది. అది ఫ్యూజు కాళ్ల దగ్గర కావచ్చు, రిలే కాంటాక్టుల్లో కావచ్చు, ఎవరో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులో కావచ్చు. బల్బును అలాగే ఉంచి, మీటరు ఒక కొసను బ్యాటరీ ప్లస్ మీద పెట్టి, రెండో కొసతో ఫ్యూజుకు ముందూ వెనకా, రిలేకు ముందూ వెనకా చూసుకుంటూ వస్తే, ఏ మెట్టు దగ్గర అంకె ఒక్కసారిగా పెరిగిందో ఆ మెట్టే దొంగ.

ఈ బల్బును పవర్, ఎర్త్ పిన్నులకు తప్ప ఇంకెక్కడా పెట్టవద్దు. డయల్ వైర్లు, సెన్సార్ వైర్లు కంట్రోలరు లోపలి 5 వోల్టుల సర్క్యూట్‌కు చెందినవి. అక్కడ బల్బు పెడితే ఇంతవరకు పోని బోర్డు మీ చేతుల్లోనే పోతుంది.

ఎర్త్‌ను కూడా ఇదే పద్ధతిలో, బల్బు వెలుగుతుండగా, కంట్రోలరు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య చూడండి. 0.2 వోల్టు దాటకూడదు. క్యాబిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి దానికి ఎర్త్ అందేది ఒక చిన్న అల్లిక తీగ ద్వారా మాత్రమే. సెకండ్ హ్యాండ్ బండికి అమ్మకం ముందు పెయింటు వేసేటప్పుడు ఆ తీగ బోల్టు కింద కూడా రంగు చేరిపోతుంది. మెరుస్తున్న కొత్త పెయింటు చూసి కొన్నవారు మొదట విప్పి చూడాల్సిన బోల్టు అదే. ఈ కొలతలన్నీ బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, రైజింగ్ పడిపోయిన వెంటనే మరోసారి తీసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే కొలిచి "అన్నీ బాగున్నాయి" అనుకోవడం మీ సమస్యలో పనికిరాదు.

ఇప్పుడు మోటారు. పీసీ 200-6 రకంలో దీనికి రెండు కాయిల్స్ ఉంటాయి. ఒక్కో కాయిల్ 2.5 నుంచి 7.5 ఓమ్‌ల మధ్య ఉండాలి, ఒక కాయిల్‌కూ రెండోదానికీ మధ్య గానీ, కాయిల్‌కూ బాడీకీ మధ్య గానీ కనెక్షన్ ఉండకూడదు. ఇతర బండ్లకు వాటి సర్వీస్ మాన్యువల్ అంకెలే ప్రమాణం. ఉదయం కొలిచిన అంకె రాసి పెట్టుకుని, లోపం వచ్చిన నిమిషంలోనే కనెక్టరు ఊడదీసి మళ్లీ కొలవండి. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 5 ఓమ్‌లు ఉన్న కాయిల్ 80 డిగ్రీల దగ్గర 6 ఓమ్‌లు చూపిస్తే అది సహజమే. అంకె వందల్లోకి ఎగిరినా, మీటరు అసలేమీ చూపకపోయినా, పావుగంట తర్వాత మళ్లీ 5కు వచ్చినా, మీ లోపం దొరికింది. అది బోర్డు కాదు, మోటారు. బండిని రెండు గంటలు తోలే వీలు లేకపోతే, మోటారును విప్పి హెయిర్ డ్రయ్యర్ గాలితో నెమ్మదిగా వేడి చేస్తూ మీటరు చూడవచ్చు. రాడ్డు ఊడదీసినప్పుడు లివరును చేత్తో అటూఇటూ కదిపి చూడడం మరవకండి. పంపు షాఫ్టు బిగుసుకుపోయి ఉంటే మంచి మోటారు కూడా దాన్ని లాగలేదు, కరెంటు మీద నింద పడుతుంది.

పొటెన్షియోమీటర్లు రెండింటినీ ఒకే తీరున చూడాలి. పీసీ 200-6లో రెండు చివరి పిన్నుల మధ్య 4 నుంచి 6 కిలో ఓమ్‌లు ఉండాలి, తిప్పినా అది మారకూడదు. మధ్య పిన్ను నుంచి ఒక చివరికి కొలుస్తూ మెల్లగా తిప్పితే అంకె ఎక్కడా తెగకుండా పెరగాలి. ఇక్కడ పాతకాలపు ముల్లు మీటరు డిజిటల్ కంటే మేలు: లోపలి పట్టీ అరిగిన చోట ముల్లు ఒక్కసారి కిందికి కొట్టుకుని లేవడం కంటికి కనిపిస్తుంది, డిజిటల్ మీటరు ఆ రెప్పపాటును దాటేస్తుంది. ఆపరేటర్లు రోజంతా డయల్‌ను ఒకటి రెండు స్థానాల్లోనే ఉంచుతారు కాబట్టి అరుగుదల కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది.

మీ ప్రాంతం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చేపల, రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే బండికి తేమా ఉప్పూ రెండూ తగులుతాయి. కనెక్టరు పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తే అది ఆరంభం మాత్రమే. ఉప్పు నీరు వైరు తొడుగు లోపలి పోగుల వెంబడి జానెడు దూరం పాకి, రాగిని నల్లగా పొడి పొడి చేస్తుంది, పైన తొడుగు కొత్తదానిలా ఉంటుంది. అలాంటి వైరును మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసి, మంచి ముక్క క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. మెలిపెట్టి టేపు చుట్టడం చెరువు గట్టు మీద ఒక్క వానాకాలం కూడా నిలవదు. అదే కారణంతో, వోల్టేజి చూడడానికి వైరు తొడుగులోకి సూది గుచ్చవద్దు. ఆ రంధ్రమే రేపు నీటికి దారి. కనెక్టరు వెనక వైపు నుంచి పిన్ను పక్కగా సన్నని తీగ దూర్చి చూడండి. కొందరు నీరు రాకుండా కనెక్టరు నిండా సిలికాన్ నింపుతారు. అప్పటికే లోపలున్న తేమ ఎప్పటికీ బయటికి రాదు కాబట్టి ఇది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

వైర్లను ఎక్కడెక్కడ వెతకాలన్నది కూడా కొంత కుదించవచ్చు. ఇంజినూ కంట్రోలరూ రెండూ పైన తిరిగే భాగంలోనే ఉన్నాయి, కాబట్టి చెయిన్ల వైపు వెతకక్కరలేదు. క్యాబిన్ వెనక నుంచి ఇంజిను గదిలోకి హార్నెస్ (వైర్ల కట్ట) దూరే రంధ్రం, పంపు పైన హోసులకు ఆనుకుని వెళ్లే చోటు, టర్బో, సైలెన్సరు దగ్గరి మలుపు, సీటు కింద ఎలుకలు చేరే మూల, ఈ నాలుగూ ముందు చూడండి. తాళం ఆన్ చేసి, మీటరును వోల్టుల్లో ఉంచి మోటారు కాయిల్ పిన్నుల మీద ఒకరు చూస్తుండగా, ఇంకొకరు హార్నెస్‌ను జానెడు జానెడు చొప్పున పట్టుకుని మెల్లగా వంచాలి. మొత్తం కట్టను ఒకేసారి ఊపితే లోపం కాసేపు మాయమవుతుంది గానీ ఎక్కడుందో తెలియదు. పాత యజమాని పెట్టించిన జీపీఎస్ పెట్టె, అదనపు లైట్లు కంట్రోలరు పవర్ వైరుకే తగిలించి ఉన్నాయేమో కూడా చూసి, ఉంటే ఊడదీసిన తర్వాతే మిగతా పరీక్షలు చేయండి. ఫ్యూజు స్థానంలో రాగి పోగు చుట్టి ఉంటే ఆ సర్క్యూట్‌లో ఎప్పుడో షార్ట్ అయిందనీ, దాన్ని ఎవరూ వెతకలేదనీ అర్థం.

ఇన్నీ చూశాక కూడా, వేడెక్కి లోపం వచ్చిన సమయంలో పవర్, ఎర్త్ నిండుగా ఉండి, డయల్ వోల్టేజి సాఫీగా మారుతూ, కాయిల్స్ బాగుండి, కంట్రోలరు నుంచి మోటారు దాకా వైర్లు తెగకుండా ఉండి, డయల్ తిప్పినా కంట్రోలరు మోటారు పిన్నులకు ఏమీ పంపకపోతే, అప్పుడు బోర్డే. అప్పుడు కూడా కొత్తది కొనే ముందు పాతదాన్ని విప్పి చూపించండి. ఏళ్ల తరబడి కుదుపులకు టంకం అతుకులు చిట్లడం, పాత కెపాసిటర్లు ఎండిపోవడం వేడికి బయటపడే లోపాలే, మంచి ఎలక్ట్రానిక్స్ పనివాడు వీటిని బాగు చేయగలడు. వేరే బోర్డు తెస్తే పార్ట్ నంబరు పూర్తిగా, చివరి అంకెలతో సహా కలవాలి. మోటారు వైర్లలో షార్ట్ లేదని తేల్చుకోకుండా తగిలిస్తే, మొదటిదాన్ని చంపిన షార్టే రెండోదాన్నీ చంపుతుంది. మోటారునో, రాడ్డునో, కంట్రోలరునో మార్చాక లివరు స్థానాలను మళ్లీ సరిచేయాలి. ఈఎక్స్ 200-5 వంటి వాటిలో ఇందుకోసం లెర్నింగ్ అనే ప్రక్రియ ఉంటుంది, అది చేయకపోతే కొత్త భాగాలతోనూ రైజింగ్ సరిగా రాదు.

బకెట్ పళ్లకు వెల్డింగ్ చేయించే ప్రతిసారీ మాస్టర్ స్విచ్ ఆఫ్ చేసి, కంట్రోలరు కనెక్టర్లు ఊడదీసి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే ముక్కకే దగ్గరగా బిగించాలని మీ ఆపరేటరుకు గట్టిగా చెప్పండి. క్లాంపు బండి వెనక ఎక్కడో పెడితే, ఆ వందల ఆంపియర్లు తిరిగి వెళ్లడానికి ఎంచుకునే దారుల్లో మీ కంట్రోలరు ఎర్త్ కూడా ఒకటి కావచ్చు.

మీ రెండో ప్రశ్నకు వస్తే, కామన్ రైల్ బండిలో లివరూ లేదు, దాన్ని లాగే మోటారూ లేదు. డీజిల్ ఎంత, ఎప్పుడు అన్నది ఈసీయూ (ఇంజిను కంట్రోలరు) నేరుగా ఇంజెక్టర్లకు చెబుతుంది. చూడాల్సిన సెన్సార్లు పెరుగుతాయి, కానీ బండే తన గురించి చాలా చెబుతుంది కాబట్టి ఒక రకంగా పరీక్ష సులువు. ఉదయం, ఇంజిను ఇంకా స్టార్ట్ చేయకముందే వెళ్లండి. అమ్మేవారు ముందే వేడి చేసి ఉంచితే మరోరోజు వస్తామనండి. తాళం ఆన్ చేసి, మానిటరులో గానీ, స్కానరులో గానీ రీడింగులు చూడండి. రాత్రంతా ఆగిన బండిలో నీటి వేడి, లోపలికి వెళ్లే గాలి వేడి, డీజిల్ వేడి మూడూ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానితో ఒకటి కలిసేలా ఉండాలి. ఒకటి మాత్రం మైనస్ 40 చూపిస్తే సాధారణంగా ఆ సెన్సార్ వైరు తెగి ఉంది. గాలి ఒత్తిడి సెన్సారు మీ వంటి సముద్ర తీర ప్రాంతంలో 100 కిలో పాస్కళ్లకు దగ్గరగా, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలోని ఒత్తిడి) సున్నాకు దగ్గరగా ఉండాలి. ఐదు నిమిషాల ఈ పరిశీలన సగం సెన్సార్ల సంగతి చెప్పేస్తుంది.

కోడ్‌లను చదివేటప్పుడు అంకెల జతను పూర్తిగా రాసుకోండి. ఇలాంటి బండ్ల కంట్రోలర్లు వాడే జే1939 అనే ప్రమాణ పద్ధతిలో మొదటి అంకె ఎస్‌పీఎన్, అది భాగాన్ని చెబుతుంది. రెండోది ఎఫ్ఎంఐ, అది లోపం తీరును చెబుతుంది. ఎఫ్ఎంఐ 3 అంటే వోల్టేజి ఉండాల్సిన దానికంటే ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే సర్క్యూట్ తెగింది, 6 అంటే కరెంటు ఎక్కువగా పోతోంది. ఉదాహరణకు 157-3 వచ్చిందంటే రైల్ ప్రెషర్ సెన్సారు వోల్టేజి హద్దు దాటిందని మాత్రమే అర్థం. హై ప్రెషర్ పంపు పోయిందని కాదు. ఒకేసారి మూడు నాలుగు సెన్సార్ల కోడ్‌లు వస్తే అన్ని సెన్సార్లూ ఒక్క రోజే పోయాయని నమ్మవద్దు. వాటిలో కొన్ని ఒకే 5 వోల్టుల లైను మీద ఉంటాయి. ఒక్కటి షార్ట్ అయినా ఆ లైను మొత్తం పడిపోతుంది. ఆ సెన్సార్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ 5 వోల్టులు ఎప్పుడు తిరిగి వచ్చాయో చూస్తే దొంగ దొరుకుతుంది. అసలు పాత కోడ్‌ల చిట్టానే ఖాళీగా ఉంటే, వేల గంటలు తిరిగిన బండిలో అది ఎవరో ఆ ఉదయమే తుడిచేసిన గుర్తు కావచ్చు.

కంట్రోలర్ల మధ్య మాటలు నడిచే క్యాన్ లైనును మాస్టర్ స్విచ్ ఆఫ్ చేసి ఓమ్‌లలో కొలవండి. రెండు చివర్లా టెర్మినేటర్లు అనే 120 ఓమ్‌ల నిరోధాలు ఉంటాయి కాబట్టి రెండు వైర్ల మధ్య 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక వైపు తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ కలిశాయి. ఇంజెక్టరు వైర్లను మాత్రం ఇంజిను నడుస్తుండగా ముట్టుకోకండి, వాటిలో బ్యాటరీ కంటే ఎంతో ఎక్కువ వోల్టేజి ఉంటుంది. రైల్ పైపు నట్లను వదులు చేసి డీజిల్ వస్తోందా అని చూసే పాత అలవాటు ఇక్కడ ప్రాణాంతకం, లోపల 1,000 బార్లకు మించిన ఒత్తిడి ఉంటుంది.

చివరగా, ఈసీయూ లోపల దాచుకున్న పని గంటలను స్కానరుతో చదివించి, మానిటరు మీది గంటలతో పోల్చండి. తేడా ఎక్కువగా ఉంటే మానిటరో ఈసీయూనో మారిందన్నమాట, ఎందుకు మారిందో అమ్మేవారినే అడగండి. ఆ తర్వాత నిజమైన మట్టి తవ్వకంలో, ఏసీ, లైట్లు అన్నీ వేసి, మధ్యలో ఆపకుండా రెండు గంటలు తోలించి, వేడిగా ఉండగానే ఆపి, పది నిమిషాలకు మళ్లీ స్టార్ట్ చేయించి, కోడ్‌లు ఇంకోసారి చదివించండి. దీనికి ఒప్పుకోని చోట అడ్వాన్సు ఇవ్వవద్దు.